రేపల్లె బండికి కవి కావాలి

తెనాలి స్టేషన్లో మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్సులూ ఆగీ ఆగనట్టు ఆగి వెళ్లిపోతాయి. రేపల్లె బండి అలా కాదు, తీరిగ్గా నిలబడుతుంది. కాలేజీ పిల్లలు, పూలబుట్టల వాళ్లు, ఊళ్లో డాక్టరుకు చూపించుకుని తిరుగు ప్రయాణమైన ముసలివాళ్లు అందరూ సర్దుకున్నాక కదులుతుంది. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, రేపల్లె. మొత్తం 34 కిలోమీటర్లు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ 1916లో తెరిచిన గుంటూరు–రేపల్లె లైనులో ఇది చివరి ముక్క. చదువు రాని మా అమ్మమ్మకు ఈ ఏడు పేర్లూ కంఠతా వచ్చు. బోర్డు చూడక్కర్లేదు. కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూచునే, "పెనుమర్రు దాటిందిరా అబ్బాయ్, మూట కిందికి దించు, పైది మనదే" అనేది. బండి ఆగితే అది భట్టిప్రోలే అయ్యేది.

ఆ పేర్లను అలా వరసగా పలకడంలో కవిత్వం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియజేసినవాడు ఇంగ్లండు కవి జాన్ బెట్జమన్. 1906లో లండన్‌లో పుట్టాడు. 1972లో ఆస్థాన కవి అయ్యాడు, 1984లో పోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. ఆయన పద్యాలు చదవనివాళ్లకు కూడా ఆయన మొహం తెలుసు. కారణం టీవీ. నలిగిన కోటు, టోపీ పెట్టుకుని చిన్న స్టేషన్లో దిగేవాడు. ప్లాట్‌ఫారం మీది ఇనప స్తంభాన్ని, టికెట్ కిటికీ చుట్టూ ఉన్న చెక్కపనిని, వెయిటింగ్ రూమ్‌లోని పొయ్యిని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేవాడు. చర్చీలు, సముద్రపు ఒడ్డు ఊళ్లు, లండన్ చుట్టుపక్కల పేటలు, అన్నింటికీ అదే మర్యాద.

ఇంగ్లీషు వాళ్ల ఊళ్ల గురించి వాళ్ల కవి తీసిన చిత్రాలు తెనాలి వాళ్లకు ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. నేను అడుగుతున్నది వేరు. ఊరిని తెర మీద చూపించే పని కవి చేతికి వస్తే ఏమవుతుంది? మన భాషలో ఆ పని ఎవరు ఎంతదాకా చేశారు? తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ రోజూ తిరిగే మనకు అది ఎందుకు కావాలి?

ముందు ఆయన పని చూద్దాం. 1962లో బెట్జమన్ కింగ్స్ లిన్ నుంచి హన్‌స్టంటన్ దాకా ఒక చిన్న బ్రాంచి లైను మీద ప్రయాణం చేస్తూ పది నిమిషాల చిత్రం చేశాడు. దారిలో వోల్ఫర్టన్ స్టేషన్. సాండ్రింగ్‌హాం రాజభవనానికి వెళ్లే రాజులూ రాణులూ దిగిన చోటు. తర్వాత స్నెటిషం, ఏ రాజూ దిగనక్కర్లేని మామూలు స్టేషన్. రెండింటి దగ్గరా ఆయన గొంతు ఒకటే. ఆ మరుసటి ఏడు సోమర్సెట్‌లో ఎవర్‌క్రీచ్ జంక్షన్ నుంచి సముద్రం వైపు వెళ్లే మరో బ్రాంచి లైను మీద ఇంకో చిత్రం చేశాడు. ఆ ఏడే, 1963లో, డాక్టర్ బీచింగ్ నివేదిక వచ్చింది. నష్టాల్లో ఉన్నాయని దాదాపు 5,000 మైళ్ల లైన్లు, 2,363 స్టేషన్లు మూసెయ్యమని అందులో రాశారు. సోమర్సెట్ లైను 1966లో మూతపడింది. హన్‌స్టంటన్ లైను 1969లో. చిత్రాలు లైన్లను కాపాడలేకపోయాయి. కానీ ఇవాళ ఆ పట్టాలు పీకేసిన చోట నిలబడిన మనవడికి తాత ఎక్కిన బండి ఎలా కదిలిందో చూపించేవి అవే.

అన్నింటిలోకీ పేరుపడింది ‘మెట్రోలాండ్’. 1973 ఫిబ్రవరి 26న బీబీసీలో వచ్చింది. దర్శకుడు ఎడ్వర్డ్ మిర్జోఫ్. నిడివి ముప్పావు గంట పైచిలుకు. లండన్ బేకర్ స్ట్రీట్ నుంచి వాయవ్యంగా పోయే మెట్రోపాలిటన్ రైల్వే కంపెనీ తన లైను పక్కన ఇళ్లు కట్టించి అమ్ముకుంది. ఆ ఇళ్లను పొగుడుతూ 1915 నుంచి 1932 దాకా ఏటా ఒక పుస్తకం వేసింది. దాని పేరే మెట్రోలాండ్. ఒక కంపెనీ తన స్థలాల ప్రకటనకు పెట్టుకున్న పేరును కవి తీసుకుని, ఆ ఇళ్లలో బతికిన మూడు తరాల ఆశకు పేరుగా మార్చాడు. ముందు తోట, వెనక తోట, రంగు అద్దాల తలుపు, ఇంటికో పేరు. చదువుకున్న పెద్దలు ఆ కాలంలో ఈ పేటలను చూసి మూతి తిప్పుకునేవాళ్లు. బెట్జమన్ మూతి తిప్పలేదు. ఒక గుమస్తా జీతం కూడబెట్టి గులాబీ అంటు పెట్టుకోవడంలో ఉన్న గౌరవాన్ని చూశాడు.

ఆ చిత్రంలో నాకు నచ్చిన ఘట్టం చార్లీవుడ్ అనే ఊళ్లోది. ఒకాయన లండన్ సినిమా హాల్లో తీసేసిన పెద్ద ఆర్గన్ వాద్యాన్ని కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. వేల మంది విన్న వాద్యం ఒక గదిలో మోగుతుంటుంది. కెమెరా మనిషిని ఎగతాళి చెయ్యదు, మెచ్చుకోలూ గుప్పించదు. అంత వాద్యం ముందు కూచుని వాయిస్తున్న మనిషిని చూస్తూ ఉంటుంది, అంతే. ఇంకొకచోట మూర్ పార్క్ గోల్ఫ్ మైదానంలో కవి కర్ర విసురుతాడు. బంతి కదలదు. ఆ ముక్క కత్తిరించలేదు. చివరికి వెర్నీ జంక్షన్. ఒకప్పుడు ఇక్కడిదాకా మెట్రో బండ్లు వచ్చేవి, 1936లో ఆగిపోయాయి. నగరం ఇక్కడిదాకా పాకాలని కంపెనీ కలగంది. అది జరగలేదు, గడ్డి తన చోటు తను తీసుకుంది. కవి ఆ గడ్డిలో నిలబడతాడు.

ఆయన పద్ధతిలో మూడు విషయాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. పేర్లను పూర్తిగా, నింపాదిగా పలుకుతాడు. కట్టడాన్ని కట్టించిన ప్రభువు వైపు నుంచి కాక వాడుకున్న మనిషి వైపు నుంచి చూస్తాడు. ఇక మూడోది, బొమ్మను చూసి మాట రాస్తాడు. చిత్రం కూర్పు బల్ల దగ్గర కూచుని, దృశ్యం కదలిక ఎంతో మాట అంతే ఉండేట్టు పద్యంగానో పద్యానికి దగ్గరగానో రాసుకునేవాడు. 1936లో పోస్టాఫీసు వాళ్ల చిత్ర విభాగం తీసిన ‘నైట్ మెయిల్’కు కవి ఆడెన్ చేసింది ఇదే. ఉత్తరాల బండి చక్రాల లయలో పద్యం రాశాడు, బెంజమిన్ బ్రిట్టెన్ సంగీతం కట్టాడు. ఆడెన్ ఒకసారి చేసిన పనిని బెట్జమన్ బతుకంతా చేశాడు.

అన్నీ మంచివే అనను. 1969లో హెలికాప్టర్ ఎక్కి ఇంగ్లండు ఇళ్లనూ సముద్రతీరాలనూ పైనుంచి చూపించే చిత్రాలు చేశాడు. చూడ్డానికి అందంగా ఉంటాయి. కానీ పైనుంచి చూస్తే ఇంటి కప్పు కనిపిస్తుంది, గడప కనిపించదు. గడప దగ్గర బెట్జమన్ గొప్పవాడు. నార్విచ్ ప్రాంతపు చర్చీల మీద 1974లో చేసిన చిత్రం అందుకే ఎక్కువ కాలం నిలిచింది. అందులో ఆయన పడవలో వస్తూ చిన్నప్పుడు చూసిన చర్చి గోపురం గురించి చెబుతాడు. ఇంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. ఆయన ఇంగ్లండులో పాతదంతా ప్రేమించదగిందే. ఆ పాతలో ఎవరికి చోటు లేదో, ఎవరి రెక్కల మీద ఆ ఇళ్లు లేచాయో ఆయన పెద్దగా అడగడు. ఇది మన గడ్డ మీదికి వచ్చేసరికి చిన్న లోటు కాదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

టీవీ బయట కూడా ఆయన పోరాడాడు. 1837లో కట్టిన యూస్టన్ స్టేషన్ తోరణాన్ని 1961–62లో కూల్చేశారు. దాన్ని ఆపాలని పోరాడినవాళ్లలో ఆయన ఒకడు, ఓడిపోయాడు. పక్కనే ఉన్న సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు అదే గతి పట్టబోయింది. ఈసారి గెలిచారు. 1967లో దానికి మొదటి శ్రేణి రక్షణ వచ్చింది. 2007లో కొత్త హంగులతో తెరిచినప్పుడు ఆ స్టేషన్లో ఆయన కంచు విగ్రహం పెట్టారు. టోపీ పట్టుకుని తలెత్తి పైకప్పును చూస్తున్న విగ్రహం. దండ వేయించుకోవడానికి నిలబడినట్టు ఉండదు. తెనాలి శిల్పశాలల్లో రోజూ విగ్రహాలు తయారవుతాయి కాబట్టి ఆ తేడా మన ఊరివాళ్లకు చప్పున తెలుస్తుంది.

ఇక మన సంగతి. ఊరిని నడుస్తూ చూపించే కవి మనకు కొత్త కాడు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ‘క్రీడాభిరామం’ తీసుకోండి. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అని ఇద్దరు స్నేహితులు ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. వీధులు, అంగళ్లు, పల్నాటి వీరుల కథ పాడే చోటు, ఏకవీరమ్మ గుడి, పందేలు, రూక ఇచ్చి తినే పూటకూటిల్లు. కోట గొప్ప ఎంతో, పూటకూళ్లమ్మ వడ్డించిన భోజనం గొప్పా అంతే. కెమెరా ఒక్కటే లేదు గానీ, నా లెక్కలో తెలుగులో ఊరి డాక్యుమెంటరీ అక్కడే పుట్టింది. దాన్ని శృంగార కావ్యమనో, గ్రామ్యం ఎక్కువనో పక్కన పెట్టి మనం చాలా పోగొట్టుకున్నాం. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ కూడా ఈ దారిదే. ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు ఏం దొరికాయి అని రాసుకుంటూ పోయాడు. అంతకు ముందు మెకంజీ దొర కోసం మన గుమస్తాలు, కరణాలు ఊరూరా రాసిన కైఫీయతులున్నాయి. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎంత, ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది. పలికే గొంతు ఒకటి దొరికితే ఒక్కో కైఫీయతు ఒక్కో చిత్రానికి సరిపోతుంది.

గొంతు మొదట రేడియోకు వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాక కవులూ రచయితలూ అందులో ఉద్యోగాలు చేశారు. ‘రూపకం’ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు పాటా మాటా కలిపి చేసిన రూపకాలు విన్న తరం ఇంకా ఉంది. అదే కేంద్రంలో పనిచేసిన శంకరమంచి సత్యం మన గుంటూరు సీమలోని ఒకే ఊరి మీద నూరు కథలు రాశాడు. ‘అమరావతి కథలు’కు 1979లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. బాపు బొమ్మలు వేశాడు. కృష్ణ ఒడ్డు, గుడి మెట్లు, పడవ సరంగులు ఆ కథల్లో మనుషులతో సమానంగా బతికాయి. 1990ల్లో శ్యామ్ బెనెగల్ వాటిని దూరదర్శన్‌కు తీశాడు. హిందీలో. మంచి పనే, కాదనను. కానీ కృష్ణ ఒడ్డు మాట తెర మీద వేరే భాషలో వినాల్సి వచ్చినందుకు ఆనాడు నాకు కలిగిన బాధ ఇంకా అలాగే ఉంది.

కవి చేతికి కెమెరా నిజంగా వచ్చిన సందర్భం తెలంగాణలో ఉంది. బి. నర్సింగరావు కవి, చిత్రకారుడు. ‘మా భూమి’ నిర్మాణంలో ఉన్నవాడు, ‘రంగుల కల’, ‘దాసి’ తీసినవాడు. 1987లో ‘మా ఊరు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. తెలంగాణ పల్లె పనీ పాటా మీద తీసిన ఆ చిత్రానికి జాతీయ పురస్కారం వచ్చింది. బెట్జమన్ మాటతో చేసిన పనిని నర్సింగరావు ప్రధానంగా చిత్రకారుడి కన్నుతో చేశాడని నా అభిప్రాయం. ఊరు గురించి పాఠం చెప్పకుండా ఊరి పక్కన కూచోవచ్చునని ఆ చిత్రం రుజువు చేసింది. దాని వెనక ఒక వరస రావాల్సింది. కోస్తాలో ఒకరు, రాయలసీమలో ఒకరు, కళింగాంధ్రలో ఒకరు. రాలేదు.

వచ్చింది వేరు. ఇవాళ మన ఊళ్ల మీద కార్యక్రమం అంటే గుడి అయితే మహత్యం, సముద్రం అయితే విహారం. మిగతా ఊరు లేనట్టే. డ్రోన్ పైకి లేస్తుంది, పచ్చటి పొలాలు గుండ్రంగా తిరుగుతాయి, వేణువు మోగుతుంది, ఎవరూ ఇంట్లో మాట్లాడని తెలుగులో వ్యాఖ్యానం సాగుతుంది. ఊరి పేరు ఒకసారి చెప్పి ‘ఈ పవిత్ర క్షేత్రం’ అనో ‘ఈ సుందర ప్రదేశం’ అనో మొదలుపెడతారు. అక్కణ్ణుంచి ఆ ఊరికీ ఇంకో ఊరికీ తేడా ఉండదు. పేరు పలకడం మానేసినప్పుడే ఊరు చిత్రం లోంచి జారిపోతుంది.

మనకు గొంతు లేక కాదు. తెనాలి పక్కన మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య ఢిల్లీలో రేడియో వార్తలు చదివాడు, రవీంద్రుడి గీతాంజలిని ‘రవీంద్రగీత’గా తెలుగు చేశాడు, సినిమాల్లో కంచుకంఠం అనిపించుకున్నాడు, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్లాడు. కవిత్వం తెలిసినవాడు, తెలుగు పలకడం తెలిసినవాడు, ఈ కాలవల నీళ్లు తాగినవాడు. ఆయన 2004లో పోయాడు. ఆ గొంతుతో "జంపని... వేమూరు... పెనుమర్రు..." అని ఒక్కసారి రికార్డు చేసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ దారిలో కవికి ఏం దొరుకుతుందో చూద్దాం. తెనాలి దగ్గరే ఒక గంట పడుతుంది. ఆంధ్రా పారిస్ అని పిలుచుకున్న ఊరు. ఊరి నడుమ కాలవలు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవలే ఇక్కడి డబ్బుకూ నాటకానికీ సినిమాకూ దారి వేశాయి. మారీసుపేట, గంగానమ్మపేట, చెంచుపేట, నాజరుపేట, ఐతానగర్. ఒక్కో పేట పేరుకు ఒక్కో కాలం. స్థానం నరసింహారావు బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. బాపట్లకూ తెనాలికీ నడుమ బండి ఉండబట్టి ఒక కళ పెరిగిందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టింది ఇక్కడే. కవి తెనాలి హోటళ్లలో కూడా కాసేపు కూచోవాలి. పుదుక్కోట నుంచి వచ్చిన నటరాజన్ అనే తమిళ కుర్రాడు ఈ హోటళ్లలో సర్వరుగా చేస్తూ తెలుగు నేర్చుకున్నాడు, ‘శారద’ పేరుతో నవలలు రాశాడు, 1955లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన రాసిన తెనాలి పారిస్ కాదు. ఎంగిలి బల్లలు తుడిచినవాడు చూసిన తెనాలి. ఆ చూపు లేకుండా ఈ ఊరి మీద చిత్రం తీయకూడదు.

స్టేషన్ సంగతి కూడా ఉంది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో జనం ఈ స్టేషన్ మీద పడ్డారు. కాల్పుల్లో ఏడుగురు పోయారు. వాళ్ల గుర్తుగా రణరంగ చౌక్‌లో స్తూపాలున్నాయి. రోజూ వాటి చుట్టూ ఆటోలు తిరుగుతాయి. ఆ ఏడుగురి పేర్లు పూర్తిగా, నింపాదిగా తెర మీద పలకడానికి రెండు నిమిషాలు చాలు.

తెనాలి నుంచి మద్రాసు లైను మీద దక్షిణంగా బాపట్ల వైపు వెళితే చుండూరు స్టేషన్ వస్తుంది. బెట్జమన్ లోటు గురించి ఇందాక అన్నది ఇక్కడ తేలుతుంది. 1991 ఆగస్టు 6న ఈ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. కొన్ని శవాలు మురుగు కాలవలో దొరికాయి. బతికినవాళ్లు తమవాళ్లను ఊరి నడిబొడ్డున పూడ్చి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. పోరాడి, ప్రత్యేక కోర్టును ఊళ్లోకే రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. తెలుగు కవిత్వంలో దళిత గొంతు గట్టిగా లేవడానికి చుండూరు పెద్ద కారణం. ఈ స్టేషన్లో బండి ఆగినప్పుడు వరి పచ్చదనం గురించి మాత్రమే చెప్పి దాటిపోయే కవి నాకొద్దు. పాత ఇంటి అరుగు ఎంత అందంగా ఉందో చెప్పేటప్పుడు, ఆ అరుగు ఎక్కడానికి ఎవరికి వీల్లేకపోయిందో కూడా చెప్పాలి. ఇందులో మన కవి బెట్జమన్ కంటే ఒక అడుగు ముందుకు వెయ్యక తప్పదు. వెయ్యగలడు కూడా, ఎందుకంటే ఆ భాషను మన కవులు ముప్పై ఏళ్ల కిందటే తయారు చేసి పెట్టారు.

బాపట్లలో భావనారాయణస్వామి గుడి. భావపురి బాపట్ల అయింది. 2011లో ఆ గుడి గాలిగోపురం కూలింది. వార్తలు వచ్చాయి, తర్వాత మళ్లీ కట్టారు. గోపురం ముందు చిన్నచిన్న పగుళ్లు ఇస్తుంది, మొక్కలు మొలుస్తాయి, వానాకాలంలో మట్టి రాలుతుంది. ఈ గుర్తులను ప్రేమతో చూసే కన్ను ఊరికి అలవాటైతే కూలడానికి ముందే ఎవరో ఒకరు అడుగుతారు. బెట్జమన్ చిత్రాల వల్ల ఇంగ్లండులో జరిగిన మేలు అదే. మామూలు మనిషికి తన వీధి పైకప్పు వైపు చూడటం నేర్పాయి. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే, బి.ఎన్. శర్మ అధ్యక్షుడు. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. ఇక్కడి పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన వరి వంగడం బీపీటీ 5204, మనం సాంబ మసూరి అంటాం. ఆ మూడు అక్షరాలూ బాపట్లవే. దేశంలో ఎంతమంది కంచాల్లోకో రోజూ ఒక ఊరి పేరు పోతోంది. తినేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 1977 నవంబరు 19 తుపాను ఈ ఊరినీ వదల్లేదు. ప్రాణాలు దక్కించుకుందామని చర్చిలో చేరినవాళ్ల మీద ఆ చర్చే కూలింది. చర్చీల మీద ప్రేమతో చిత్రం చేసిన కవి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ చర్చి గుర్తొస్తుంది.

మళ్లీ రేపల్లె లైనుకు. మా అమ్మమ్మ ఊరు భట్టిప్రోలు. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లే దారిలో ఆమె చూపించేది, "అదుగో విక్రమార్క కోట దిబ్బ." మాకది గాలిపటాలు ఎగరేసుకునే దిబ్బ. అది బౌద్ధ స్తూపమని బడిలో కూడా ఎవరూ గట్టిగా చెప్పలేదు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే రాతి పేటికలు దొరికాయి, వాటి మీద అక్షరాలున్నాయి. బూలర్ అనే జర్మన్ పండితుడు చదివాడు. బ్రాహ్మికి దగ్గరిదే గానీ కొన్ని అక్షరాలు వేరు, అందుకే దాన్ని భట్టిప్రోలు లిపి అంటారు. కుబేరకుడనే రాజు పేరు ఉంది. ఎక్కువగా ఉన్నవి మాత్రం మామూలు మనుషుల పేర్లు, ఆ పుణ్యంలో చెయ్యి వేసిన సంఘం సభ్యుల పేర్లు. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ రాతి మీద ఊరివాళ్లు తమ పేర్లు వరసగా చెక్కించుకున్నారు. అంతటి స్తూపం ఇటుకలూ రాళ్లూ తర్వాతి కాలంలో రోడ్డు పనులకూ కాలవ పనులకూ పోయాయి. పొలానికి నీళ్లిచ్చిన కాలవే స్తూపాన్ని మింగింది. ఇందులో ఒకరిని తిట్టి ఒకరిని పొగడటానికి లేదు. రెండూ ఒకే మాటలో చెప్పడం కవికే సాధ్యం.

దిబ్బ మీది ఇటుక ఒకటి చిన్నప్పుడు పట్టుకుని చూశాను. ఇంట్లో గోడ ఇటుకకు రెండింతలకు పైగా ఉంది, రెండు చేతులూ కావలసి వచ్చింది. కాల్చినప్పుడు అంటుకున్న వరిపొట్టు ఆనవాళ్లు గుంటలు గుంటలుగా ఇంకా ఉన్నాయి. అమ్మమ్మ కేకేసింది. "అక్కడిది అక్కడే పెట్టరా. మనది కాదు." పెట్టేశాను. ఆ గుంటలను వేలితో తడిమిన గుర్తు మాత్రం పోలేదు. ఒక చిత్రంలో ఆ ఇటుక మీద కెమెరా అర నిమిషం ఆగితే, ఆ అర నిమిషం మాటలేవీ లేకపోయినా ఫరవాలేదు.

పల్లికోన దాటితే రేపల్లె. పట్టాలు అక్కడితో ఆఖరు. నిజాంపట్నం ఇక్కడికి దగ్గర. డచ్చివాళ్లూ, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లూ వచ్చి దిగిన రేవు. మన నేత బట్ట కోసం వచ్చారు. వాళ్ల దేశంలో రైలింజను పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందు ఈ తీరపు పేరు వాళ్ల లెక్కల పుస్తకాల్లో ఉంది. తర్వాత వాళ్లు వేసిన రైలు ఈ తీరం దగ్గరిదాకా వచ్చి ఆగింది. అవతల కృష్ణ. పెనుమూడి దగ్గర వారధి రాకముందు దివిసీమ వాళ్లు పడవల్లో దాటి వచ్చి ఈ బండి ఎక్కేవాళ్లు. హైదరాబాదు వెళ్లే డెల్టా బండి కోసం మూటలతో, పిల్లలతో, కొబ్బరి బొండాలతో ప్లాట్‌ఫారం నిండిపోయేది.

ఇలాంటి చిత్రానికి ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. హన్‌స్టంటన్ చిత్రం పది నిమిషాలే. ఒక కవి, ఒక కెమెరా, మాట వినే ఒక మనిషి, పొద్దున బండికి ఒక టికెట్. కూర్పు గదిలో మాత్రం తొందర పడకూడదు. బొమ్మ చూసి మాట రాసుకునే ఓపిక ఉండాలి. దాచిపెట్టుకునే శ్రద్ధ కూడా కావాలి. బెట్జమన్ పశ్చిమ ఇంగ్లండు మీద చేసిన కొన్ని చిత్రాలు పోయాయనే అనుకున్నారు. ఎవరో పారెయ్యకుండా ఉంచబట్టి ముప్పై ఏళ్లకు బయటపడ్డాయి. తెనాలిలో రాసేవాళ్లున్నారు, తీసేవాళ్లున్నారు, బాపట్లలో చదువుకునే పిల్లల చేతుల్లో ఆనాటి బీబీసీ వాళ్లకు లేనంత మంచి కెమెరాలున్నాయి. ఇద్దరూ ఒకే పెట్టెలో ఎక్కడం ఒక్కటే మిగిలింది.

నా చిన్నప్పుడు రేపల్లెలో బండి ఆగగానే ఇంజను విడిపోయేది. పక్క లైను మీదుగా పొగ వదులుతూ నింపాదిగా ఈ చివరికి వచ్చేది. స్టేషన్ మాస్టరు చేతిలో వెదురు రింగు, దానికి తోలు సంచి, సంచిలో ఇనప గుండు. ఆ గుండు చేతికి వస్తేనే ఒంటి లైను మీద బండి తియ్యడానికి హక్కు. డ్రైవరు దాన్ని అందుకుని సంచి విప్పి, లోపల ఉన్నది పల్లికోన వైపు గుండేనా అని వెలుతురులో తిప్పి చూసుకునేవాడు. అమ్మమ్మ కిటికీ పక్కన సర్దుకుని కళ్లు మూసుకునేది. సిగ్నలు చెయ్యి వాలేది. ఆమె పెదవులు కదిలేవి, "పల్లికోన."